ఏడోసారి తిమ్మిరి

మా ట్రాక్టరు ఒక్క తొక్కుకి ఆగడం మానేసి ఏడాది దాటింది. మొదట్లో రెండుసార్లు తొక్కితే ఆగేది, తర్వాత మూడుసార్లు తొక్కాల్సి వచ్చింది. నాన్న దాన్ని రోగం అనుకోలేదు, స్వభావం అనుకున్నాడు. "ముసలిదైపోయింది. ఒకటికి మూడుసార్లు చెప్పాలి, మీ పెద్దత్తకి చెప్పినట్టు" అనేవాడు. మా పెద్దత్త చెవుల సంగతి తెలిసినవాళ్ళంతా నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నేను కుట్టుమిషను మీద బతికే మనిషిని. కాలి కింద పెడలు జారుతోందంటే లోపల ఏదో అరిగిందనే అర్థం. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవిన పెట్టలేదు.

పోయిన వారం కాలువ వైపు దిగే పల్లంలో ఆయన మూడుసార్లు తొక్కాడు, నాలుగుసార్లు తొక్కాడు. ట్రాక్టరు తన దారిన తాను పోయి, పొరుగాయన కంచె విరగ్గొట్టి, కోళ్ళగూటికి జానెడు దూరంలో మట్టిదిబ్బకు ఆనుకుని ఆగింది. కోళ్ళు బతికాయి. నాన్నకు గీత కూడా పడలేదు. కానీ ఆ సాయంత్రం నుంచి ఆయన తన చేతులను అదోలా చూసుకోవడం మొదలుపెట్టాడు. భోజనం దగ్గర చూసుకున్నాడు, వీధి మెట్ల మీద కూర్చుని చూసుకున్నాడు. "స్టీరింగు టైముకి తిప్పలేకపోయానమ్మడూ. నా చేతుల పని అయిపోయింది" అన్నాడు.

ఇటుకబట్టీ ఆసామి ఎప్పటినుంచో మా ట్రాక్టరు మీద కన్నేసి ఉన్నాడు. నాన్న ఆయనకు తనే కబురు పెట్టాడని తెలిసి నేను కుడుతున్న బట్ట అలాగే వదిలేసి రెండు వీధులు దాటి వెళ్ళాను. పెద్ద గొడవే అయింది. అమ్మ పోయి పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలలూ పొద్దున్నే నాన్నను మంచం మీద నుంచి లేపుతున్నది ఆ ట్రాక్టరు ఒక్కటే. నేను కాదు, మనవడు కాదు. అది కూడా పోతే ఆయన లేచి వెళ్ళడానికి ఒక చోటంటూ ఉండదు. ఆ మాట ఆయనతో అనలేక, "బ్రేకుకి కొత్త మాస్టర్ సిలిండర్ తెస్తాను, ఒక్కసారి మార్చి చూడు" అని మాత్రం అన్నాను.

చాలాసేపటికి ఒప్పుకున్నాడు, కానీ తన షరతుతో. "రేపు నా చేత్తో నేనే మారుస్తా. బ్రేకు పడిందా, బండి ఉంటుంది. పడలేదా, సాయంత్రం బట్టీ ఆయన తోలుకుపోతాడు, పొలం కౌలుకిచ్చేస్తా. మళ్ళీ నువ్వు నోరెత్తకూడదు." సరేనని మాటిచ్చి, మెకానిక్‌ను పిలుద్దామన్నాను. అంతే, ఆయన మొహం చూసి ఆ మాట మింగేశాను. ట్రాక్టరు కొన్నప్పటి నుంచి ముప్పై ఏళ్ళుగా దాని మీద బయటివాళ్ళ చెయ్యి పడనివ్వలేదు ఆయన. బండితో పాటు వచ్చిన పుస్తకాన్ని అమ్మ చదివి వినిపించేది, ఆయన బొమ్మలు చూసి చేసేవాడు. నాన్నకు అక్షరాలు రావు. ఊళ్ళో ఎవరి ట్రాక్టరు చెడినా "నిదానం గారిని అడగండి" అనేవాళ్ళు. నిదానం ఆయన పేరు కాదు, కానీ అసలు పేరు చెబితే ఇప్పుడు ఎవరూ గుర్తుపట్టరు.

మర్నాడు తెల్లవారినప్పటి నుంచే సన్నగా వాన. మా షెడ్డుకు పైన అంతా రేకులే, మధ్యలో ఒక్కటి మాత్రం ఆకుపచ్చ ఫైబరు రేకు. ఎప్పుడో గాలికి ఒక రేకు లేచిపోతే, దొరికినదేదో తెచ్చి కప్పారు. మబ్బు పట్టిన రోజు షెడ్డులోకి వెళితే చెరువు అడుగున నిలబడినట్టు ఉంటుంది. మనుషులు, పానాలు, గోడకు తగిలించిన తాళ్ళు అన్నీ పచ్చగా కనిపిస్తాయి. చిన్నప్పుడు నేను అక్కడ గొట్టపు కుర్చీలో కూర్చుని ఊపిరి బిగబట్టేదాన్ని, మునిగిపోతానేమోనని. ఆ రోజు కూడా గుమ్మం దాటగానే తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. వాన శబ్దం రేకుల మీద సమంగా, ఎక్కడా తెగకుండా పడుతోంది. టైము ఎంతయిందో అడగాలనిపించలేదు.

నాన్న నేల చదునుగా ఉన్న చోట ట్రాక్టరు నిలిపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాడు. సీటు కింద పనిముట్ల పెట్టె తెరిచి ఒక్కొక్కటే గోనెసంచి మీద పేర్చాడు. అందులో నుంచి ఒక చిన్న స్టీలు గిన్నె కూడా వచ్చింది. ముందు మూతి సాగదీసిన ఉగ్గుగిన్నె, పసిపిల్లలకు పాలు పట్టేది.

"ఇదిక్కడ ఎందుకుందో" అంటూ దాన్ని పక్కన పెట్టాడు.

నేను చేతిలోకి తీసుకుని చూశాను. అడుగున సొట్ట ఉంది. నాకు పాలు పట్టిన గిన్నె అది, ఆ సొట్ట నేను విసిరికొట్టినప్పటిదేనని ఇంట్లో వందసార్లు చెప్పుకున్నారు. నా కొడుకు పుట్టినప్పుడు అదేదని అడిగితే, "ఎక్కడో పడిపోయిందే" అంది అమ్మ నా మొహంలోకి చూడకుండా. పదేళ్ళ తర్వాత ట్రాక్టరు పెట్టెలో దొరికింది. పాల వాసన లేదు, ఏదో మందు వాసన. అమ్మ మీద కాస్త కోపం వచ్చింది, వెంటనే ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక బాధ వచ్చింది.

"సీటెక్కి స్టీరింగు కిందకి చూడు. గిన్నె తర్వాత చూసుకుందువుగాని" అన్నాడు నాన్న.

ఎక్కాను. స్టీరింగు కింద పిడికెడంత ఇనప డబ్బా, దాని కింద మాస్టర్ సిలిండర్. పైన డబ్బాలో ఆయిలు ఉంటుంది. కాలు తొక్కితే సిలిండర్ ఆ ఆయిలును పైపుల గుండా వెనక చక్రాల దాకా తోస్తుంది, అక్కడ బ్రేకు పట్టుకుంటుంది. లోపల రబ్బరు అరిగితే ఆయిలు ముందుకు పోకుండా వెనక్కే జారిపోతుంది. బయటికి చుక్క కారదు, కాలు మాత్రం కిందికి దిగిపోతూ ఉంటుంది. నాన్న డబ్బాలో పాత ఆయిలును గుడ్డతో పీల్చి తీశాడు.

"జాగ్రత్త, రంగు మీద పడనివ్వకు. బ్రేకు ఆయిలు పడితే రంగు పొట్టులా లేచిపోతుంది. పడితే వెంటనే నీళ్ళతో తుడిచెయ్" అన్నాడు.

"ఇప్పటికే లేచిపోయిందిగా ఇక్కడ" అన్నాను. సీటు పక్కన ఎడమ మడ్‌గార్డు మీద రంగు పోయి గుండ్రటి మచ్చ ఉంది. లోపలి ఇనుము తళతళలాడుతోంది.

"అది మీ అమ్మ చేసిన ఘనకార్యం. టీ గ్లాసు పెట్టీ పెట్టీ రంగు ఊడగొట్టింది."

"అమ్మ టీ తాగదు కదా నాన్నా?"

"వేడినీళ్ళు తాగేదేమో" అని పని మీదకు వంగాడు.

పైపు నట్టు ముప్పై ఏళ్ళ తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. నాన్న దాన్ని తిట్టలేదు, కొట్టలేదు. కాస్త నూనె పోసి, వాన చూస్తూ కూర్చున్నాడు. నేనైతే ఈపాటికి సుత్తి తీసుకునేదాన్ని. మళ్ళీ వచ్చి పానా పెట్టి, అటు కొంచెం, ఇటు కొంచెం కదిపాడు. నట్టు నిద్రలేచినట్టు మెల్లగా తిరిగింది. పెడలుకు కలిపిన పిన్ను లాగాడు, రెండు బోల్టులు విప్పాడు, పాత సిలిండరును రెండు చేతులతో బయటికి తీశాడు. ఆ చేతులు వణకలేదు. నేను ప్రత్యేకంగా చూశాను.

సంచి మీద పెట్టి దాన్ని విప్పాడు. లోపలి రబ్బరు అంచు ఒక పక్క పూర్తిగా అరిగిపోయి, పల్చటి పెదవిలా వేలాడుతోంది. నాన్న దాన్ని బొటనవేలితో నిమిరాడు. "పాపం, ఒక్క పక్కతోనే ఎన్నాళ్ళు పట్టుకొచ్చిందో" అన్నాడు. నాకు అమ్మ చివరి నెలలు గుర్తొచ్చాయి. ఒక చెయ్యి పనిచేయకపోయినా రెండో చేత్తో అంట్లు తోమిందని, అది ఆసుపత్రిలో డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదని. నాన్నకు కూడా అదే గుర్తొచ్చిందనుకుంటాను. ఇద్దరం ఆ రబ్బరు ముక్కను చాలాసేపు చూశాం.

కొత్త సిలిండర్ బిగించడానికి గంట పట్టింది. పెడలు తోసే కడ్డీకి, లోపలి పిస్టనుకు మధ్య వెంట్రుకంత సందు ఉండాలంటాడు ఆయన. ఆ సందు కోసం నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు బిగించాడు. నిదానం అని ఊరికే అనలేదు జనం. డబ్బా నిండా కొత్త ఆయిలు పోసి మూత బిగించాడు. ఇక మిగిలింది గాలి తీయడం. పైపుల్లో చేరిన గాలి పూర్తిగా పోతే తప్ప బ్రేకు పడదు. దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు సీటు మీద కూర్చుని తొక్కాలి, ఒకరు వెనక చక్రం దగ్గర పడుకుని చిన్న నట్టు వదులు చేసి బిగించాలి.

"నేను పానాతో ఒక్కసారి టంగుమనిపిస్తే తొక్కు. తొక్కి పట్టుకో. నేను నట్టు వదులుతా, నీ కాలు కిందకి దిగుతుంది. దిగినంతసేపూ ఊఁ అంటూ ఉండాలి. నేల తగలగానే ఆపెయ్. అప్పుడు నట్టు బిగిస్తా. రెండుసార్లు టంగుమంటే కాలు తీసెయ్."

"ఊఁ అనడమేమిటి?"

"కిందనుంచి నాకు నీ కాలు కనపడదు కదా. మీ అమ్మ అలాగే అనేది, చిన్న రాగంలా. అది సన్నగిల్లుతుంటే కాలు ఎక్కడిదాకా వచ్చిందో నాకు తెలిసిపోయేది."

"నేను రాగం తీస్తే వీధి కుక్కలు లేస్తాయి. మాటల్లో చెప్పుకుందాం."

"మాటలైతే పోట్లాటవుతుంది. మీ అమ్మతో మొదటి ఏడాది అదే అయింది" అంటూ ఆయన చక్రం కిందకి దూరాడు. నాకు ఆయన పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. నట్టుకు తగిలించిన సన్నటి గొట్టం గాజుసీసాలోకి దిగింది. ఆ సీసా చక్రం పక్కన పచ్చటి వెలుగులో మెరుస్తోంది.

టంగ్. తొక్కాను. ఊఁ అన్నాను. నా గొంతు నాకే సిగ్గుగా వినిపించింది. కాలు మెత్తగా కిందకి దిగింది, సీసాలో బుడగలు పొర్లాయి. రెండుసార్లు టంగ్. కాలు తీశాను. మళ్ళీ టంగ్.

ఐదారుసార్లయ్యాక సిగ్గు పోయింది. పదిసార్లయ్యాక నేనున్నానన్న సంగతి కూడా పోయింది. పైన వాన, కింద పానా మోత, మధ్యలో ఎవరిదో ఊఁ. అది నాది కాదనిపించింది. ఈ సీటు మీదే అమ్మ కూర్చుని ఉండేది, నేను గొట్టపు కుర్చీలో ఊపిరి బిగబట్టి ఉండేదాన్ని. అమ్మ గొంతు పై నుంచి కిందకి దిగుతుంటే నాకు నిద్ర ముంచుకొచ్చేది. నన్ను జోకొట్టడానికి పాడుతోందనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరు కుర్చీలో ఉన్నారో, ఎవరు సీటు మీద ఉన్నారో తేల్చుకోవాలనిపించలేదు. ఇంకాసేపు ఇలాగే ఉంటే బాగుండుననిపించింది.

"ఇరవై అయ్యాయి. ఇక చాలు" అని నాన్న బయటికి వచ్చి పెడలును చేత్తో నొక్కాడు. తడి గుడ్డ నొక్కినట్టు లోపలికి పోయింది. మూత తీసి చూశాడు. ఆయిలు అడుగంటింది. "కొత్త సిలిండర్ కదా, పైపుల నిండా లాగేసింది" అంటూ మళ్ళీ నిండా పోసి మూత పెట్టాడు. మొహంలో మాత్రం రంగు తగ్గింది.

"ఎప్పుడూ ఇలా కాలేదు. ఇరవైకి రాయిలా అయ్యేది" అన్నాడు.

"అమ్మ బాగా తొక్కేదేమో."

"బాగా తొక్కేదా! ప్రతి ఏడోసారికీ ఆపేసేది. 'ఆగండి, కాలు తిమ్మిరెక్కింది' అనేది. నేను కింద పడుకుని ఆకాశం కూడా కనపడక, ఆ తిమ్మిరి ఎప్పుడు దిగుతుందా అని చూస్తుండేవాణ్ణి. నీ కాలే నయం, ఏకబిగిన తొక్కావు."

"అమ్మకు కాలి తిమ్మిరి ఉండేదని నాకు తెలియదే!"

"నీకేం తెలుసు, పెళ్ళయి వెళ్ళిపోయావు. బ్రేకు పని చేసిన రోజు పడుకునే ముందు నేనే నూనె రాసి ఆ కాలు పట్టేవాణ్ణి. పట్టణం నుంచి మందు కూడా తెచ్చా" అన్నాడు కాస్త గొప్పగా. మళ్ళీ చక్రం కిందకి దూరాడు.

రెండోసారి ఇరవై దాటి పాతిక తొక్కాను. ఈసారి ఆయన పానా మోత తొందరగా ఉంది. పదిహేను దాటాక సీసాలో బుడగలు తగ్గాల్సింది పోయి పెరిగాయి. టంగ్ ఆగిపోయింది. పానా నేల మీద పడిన చప్పుడు వినిపించింది. నాన్న చక్రం కింద నుంచి వచ్చి, నా వైపు చూడకుండా వెళ్ళి గుమ్మం దగ్గర మూట మీద కూర్చున్నాడు.

"నట్టు బిగించేలోపే గాలి పీల్చేస్తోంది. నా చెయ్యి ఆలస్యమవుతోంది. నాకు ముందే తెలుసు" అన్నాడు. వాన తుంపర ఆయన మోకాళ్ళ మీద పడుతోంది, జరగలేదు. "బట్టీ ఆయనకి ఫోన్ చెయ్యి. సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే రమ్మను."

"చెయ్యను" అన్నాను.

"మాటిచ్చావు."

"ఇచ్చానులే!" అని అరిచాను. ఏడుపు వచ్చేస్తుంటే నాకు అరవడం తప్ప ఇంకేం రాదు. "ఆవిడుంటే నువ్విలా మూలన కూర్చునేవాడివా? పోయినావిడ పోయింది, నువ్వు కూడా రోజుకో ముక్క పోతున్నావు. ముందు నీ చేతులు పోయాయి, ఇప్పుడు బండి పోతుంది, రేపు పొలం. తర్వాత ఏం పోతుంది నాన్నా?" ఆయన చేతులు ఒళ్ళో బోర్లించి పెట్టుకున్నాడు, చూడటానికి కూడా ఇష్టం లేనట్టు.

చేతికి ఏదో ఒక పని లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది. గుడ్డ తీసుకుని డబ్బా చుట్టూ తుడుస్తూ మూత తీశాను. లోపల ఒట్టి ఇనుము కనిపించింది. పూర్తిగా ఎండిపోయి, అడుగున రంధ్రం నోరు తెరుచుకుని ఉంది. గాలి నాన్న నట్టు దగ్గర నుంచి రాలేదు, ఇక్కడి నుంచి వచ్చింది. డబ్బా ఖాళీ అయ్యాక నేను తొక్కిన ప్రతి తొక్కుకీ గాలినే తోశాను. మొదటిసారీ ఇదే జరిగి ఉంటుంది. మధ్యలో ఎవరైనా పోస్తూ ఉండాల్సింది. కింద పడుకున్న మనిషి పోయలేడు. సీటు మీదున్న మనిషే పోయాలి.

ఆయిలు క్యాను ఎత్తాను. దాని మూతి వెడల్పు, స్టీరింగు సందులోంచి వంచితే సగం నా కాళ్ళ మీదే పోతుంది. మూతి ఉన్నదేదైనా కావాలి. చెయ్యి చాపి ఉగ్గుగిన్నె అందుకున్నాను. అందులోకి ఒంపుకుని డబ్బాలో పోస్తే చుక్క కూడా బయట పడలేదు. దాని కోసమే చేసినట్టుంది. రెండు గిన్నెలు పోసి, మూత వెతుక్కుంటూ గిన్నెను చూడకుండానే ఎడమ చేత్తో మడ్‌గార్డు మీద పెట్టాను.

చిన్నగా టక్కుమని ఏదో కుదురుకున్న చప్పుడు. తిరిగి చూశాను. గిన్నె సరిగ్గా ఆ గుండ్రటి మచ్చలో కూర్చుని ఉంది. అంచుకు అంచు. ఎత్తి చూస్తే అడుగు సొట్ట ఉన్న చోటే మచ్చలో కూడా కాస్త రంగు మిగిలి ఉంది.

వాన ఆగిందనుకున్నాను, ఆగలేదు.

"నాన్నా, అమ్మ కాలు ఎన్నోసారి తిమ్మిరెక్కేదన్నావు?"

"ఇప్పుడదంతా ఎందుకు?"

"చెప్పు."

"ఏడోసారి. ఎప్పుడూ ఏడోసారే."

"ఇలా రా ఒకసారి."

లేచి వచ్చాడు. ఖాళీ గిన్నెను మచ్చ మీద పెట్టి, ఎత్తి, మళ్ళీ పెట్టాను. డబ్బా మూత తీసి చూపించాను. క్యానులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి డబ్బాలోకి పోశాను, గిన్నె మచ్చలో పెట్టాను. గిన్నె అడుగు నుంచి ఒక చుక్క జారి, పోయిన రంగు అంచు దాకా వెళ్ళి ఆగింది.

నాన్న మడ్‌గార్డు మీద చెయ్యి వేసి ఆ మచ్చను నెమ్మదిగా తడిమాడు. రంగు పొట్టులా లేచిపోతుందని నాకు పొద్దున్నే చెప్పిన మనిషి, ముప్పై ఏళ్ళుగా ఆ మచ్చ పక్కనే కూర్చుని బండి తోలిన మనిషి.

"టీ గ్లాసు కాదు" అన్నాడు.

"కాదు నాన్నా."

"అయితే ఆ కాలికి... తిమ్మిరి లేదా?"

నేను తల అడ్డంగా ఊపాను. "నూనె రాశానే ఆ కాలికి. అన్నేళ్ళు రాశాను. ఒక్కసారి కూడా వద్దనలేదు" అన్నాడు. అని నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళు కారిపోయాయి, తుడుచుకోలేదు.

"నీకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"మొదటిసారి గాలి తీసి బ్రేకు పడేలా చేసినప్పుడు నేను వీధిలో నిలబడి అందరికీ చెప్పాను, ఎవరి సాయం లేకుండా నా చేత్తో చేశానని. మీ అమ్మ గుమ్మంలోనే ఉంది. 'అవును, ఆయనే చేశారు' అని తనూ చెప్పింది." మచ్చ మీద నుంచి చెయ్యి తీశాడు. "పుస్తకంలో ఇది రాసే ఉంటుంది. ఆ ఒక్క ముక్క మాత్రం నాకు చదవలేదు."

అప్పుడు నాకు భయం వేసింది. చేతులు పోలేదని చూపించబోయి, ఆ చేతులు చేశాయనుకున్న ముప్పై ఏళ్ళ పనిని ఆయన దగ్గర నుంచి లాక్కున్నానా? ఈ గిన్నెను నిశ్శబ్దంగా పెట్టెలో పెట్టేసి, నేను కూడా ఏదో అబద్ధం చెప్పి ఆయిలు పోసి ఉండాల్సింది. అమ్మకు ఉన్న తెలివి నాకు లేదు. నాన్న రెండు చేతులూ పచ్చటి వెలుగులోకి ఎత్తి తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"అయితే ఇవి పోలేదన్నమాట" అన్నాడు చివరికి.

"పోలేదు నాన్నా. ఉన్నట్టే ఉన్నాయి."

"వీటితో పాటు ఉండాల్సినవి లేవు, అంతే." ఆ మాట చెప్పి, వంగి నేల మీది పానా తీసుకున్నాడు. గుడ్డతో తుడిచాడు. "ఎక్కు" అన్నాడు.

ఎడమ చక్రంతో మొదలుపెట్టాం. ఏడు తొక్కులు కాగానే "ఆగు నాన్నా, పోస్తున్నా" అని అరిచి గిన్నె అందుకున్నాను. పోసి, మచ్చలో పెట్టి, మళ్ళీ కాలు పెట్టాను. మళ్ళీ ఏడు, మళ్ళీ గిన్నె. సీసాలో బుడగలు పెద్దవి పోయి చిన్నవి, చిన్నవి పోయి ఆవగింజలంతవి అయ్యాయి. తర్వాత ఆయిలు ఒక్కటే, తేనె రంగులో సన్నటి దారంలా జారింది. పెడలు నా కాలికి ఎదురు చెప్పడం మొదలుపెట్టింది. ఊఁ అనేది కూడా పొట్టిదయింది, ఎందుకంటే కాలు దిగే దూరం తగ్గిపోయింది.

నాన్న కుడి చక్రం కిందకి మారుతుండగా గుమ్మం ముందు స్కూటరు ఆగింది. ఇటుకబట్టీ ఆసామి. వాన కోటు విప్పకుండానే లోపలికి తొంగి చూశాడు. "ఏమండీ నిదానం గారూ, తోలుకుపొమ్మంటారా?"

చక్రం కింద నుంచి నాన్న తల బయటికి పెట్టలేదు. "మీరు వెళ్ళిరండి. పనిలో ఉన్నాం" అన్నాడు.

"సాయంత్రం రమ్మన్నారుగా?"

"రమ్మన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను. ఏమీ అనుకోకండి."

ఆయన నా వైపు చూశాడు. నేను కాలు పెడలు మీదే ఉంచి భుజాలు ఎగరేశాను. స్కూటరు చప్పుడు వానలోకి వెళ్ళిపోయింది. షెడ్డులో మళ్ళీ ఆ పచ్చటి మౌనం నిండింది.

టంగ్. తొక్కాను, ఊఁ అన్నాను. రెండుసార్లు టంగ్, కాలు తీశాను. ఒకటి, రెండు, మూడు. నా గొంతులో అమ్మ గొంతు ఎక్కడ కలుస్తోందో తెలియడం లేదు, ఇక దాని గురించి ఆలోచించలేదు కూడా. నాలుగు, ఐదు. మూలన ఆ పాత గొట్టపు కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద రేకు నుంచి పచ్చటి వెలుగు పడుతోంది. ఆరు. ఏడు.

ఏడో తొక్కు అయి కాలు తీశాను. ఆయిలు పోయాలన్న సంగతి మరిచిపోయాను. ఎనిమిదో టంగ్ కోసం కాలు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను. టంగ్ రాలేదు. వాన మాత్రం పడుతోంది.

చక్రం కింద నుంచి నాన్న గొంతు, తొందర లేకుండా, ఆకాశం కనపడని చోట వెల్లకిలా పడుకుని ఎదురుచూస్తున్న గొంతు వినిపించింది.

"కాలు తిమ్మిరెక్కిందా?"

నేను ఎడమ చెయ్యి చాపి గిన్నె అందుకున్నాను.

"ఎక్కింది నాన్నా. ఒక్క క్షణం ఆగు."